రాజుకు అప్పిచ్చిన కోఠీలు: హైదరాబాద్ సాహుకార్ల ఎదుగుదల, పతనం

హైదరాబాద్‌లో కోఠీ అంటే ఇవాళ రద్దీ బస్టాపు, పాత పుస్తకాల అంగళ్లు, మహిళా విశ్వవిద్యాలయం. బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, ఉండే పెద్ద బంగళా వల్ల ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అదే నగరంలో కోఠీ అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉండేది. హుండీలు (ఇంకో ఊళ్లో సొమ్ము చెల్లించమని రాసే చీట్లు) రాస్తూ, డిపాజిట్లు తీసుకుంటూ, రాజుకూ జాగీర్దార్లకూ అప్పులిచ్చే కుటుంబ సంస్థను కోఠీ అనేవారు. కార్వాన్‌లోనూ బేగంబజారులోనూ అలాంటివి చాలా ఉండేవి.

ఆ కుటుంబాల కథ గురించి ఇప్పుడు రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తున్నాయి. ప్రపంచానికే అప్పిచ్చిన మన షావుకార్లను ఇంగ్లీషువాళ్లు దోచుకుని ముంచారని ఒక వర్గం అంటుంది. డబ్బు కోసం పరాయివాళ్లకు దేశాన్ని అప్పగించింది ఆ షావుకార్లేనని ఇంకో వర్గం అంటుంది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ వంద, నూట యాభై ఏళ్లు నిలిచిన సంస్థలు ఇరవై ముప్పై ఏళ్లలో ఎందుకు కూలాయన్న ప్రశ్నకు రెండూ జవాబు చెప్పవు. హైదరాబాద్ లెక్కల్లో ఆ జవాబు కొంత స్పష్టంగా కనిపిస్తుంది.

క్లుప్తంగా

పెద్ద కోఠీల లాభం మూడు చోట్ల నుంచి వచ్చేది: ప్రభుత్వానికి ముందే సొమ్ము ఇచ్చి శిస్తు హక్కు పొందడం, రకరకాల నాణేల మారకం, దూరప్రాంతాలకు సొమ్ము పంపడం. ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సైనిక ఒప్పందాల వల్ల సంస్థానాలకు నగదు అవసరం విపరీతంగా పెరిగింది. కోఠీలు అలా ఎదిగాయి. తర్వాత కంపెనీయే అప్పిచ్చేవాడి స్థానంలోకి వచ్చింది. నాణెం ఒకటైంది, శిస్తు వసూలు జీతగాళ్ల చేతికి పోయింది. కోఠీల పునాది అలా కదిలింది. వ్యాపారాన్ని రాజు అవసరం నుంచి విడదీసుకున్న కుటుంబాలు మిగిలాయి.

కోఠీ ఎలా పనిచేసేది

తెలుగులో షావుకారు అన్నా, ఉర్దూలో సాహుకార్ అన్నా మాట ఒకటే. అయితే ఊళ్లో వడ్డీకి తిప్పే షావుకారుకూ నగరంలో కోఠీ నడిపే సాహుకారుకూ చాలా తేడా ఉంది. పెద్ద కోఠీకి బొంబాయి, పూనా, బనారస్, మద్రాసు లాంటి చోట్ల తన శాఖలు గానీ, నమ్మకమైన ఆడ్తీలు (కమీషన్ ఏజెంట్లు) గానీ ఉండేవి. హైదరాబాద్‌లో సొమ్ము కట్టి హుండీ రాయించుకుంటే బొంబాయిలో తీసుకోవచ్చు. చూపగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు తర్వాత చెల్లించేది ముద్దతు హుండీ. దారిలో దొంగలు దోచుకోవడానికి అందులో నాణేలేవీ ఉండవు.

రెండో ఆదాయం బట్టా, అంటే నాణెం మార్చినందుకు పట్టుకునే తరుగు. ఒక్కో టంకశాల నుంచి ఒక్కో బరువు, ఒక్కో వన్నె ఉన్న రూపాయి వచ్చేది. ఏ రూపాయి ఎన్ని అణాలకు మారుతుందో నాణేలు మార్చే సరాఫుకే తెలియాలి. ఈ కళను పైస్థాయికి తీసుకెళ్లింది బెంగాల్‌లో జగత్ సేఠ్ కుటుంబం. మార్వాడ్‌లోని నాగౌర్ నుంచి పాట్నా, అక్కడి నుంచి ఢాకా, చివరకు ముర్షిదాబాద్ చేరిన ఈ ఇంటివాళ్లు అక్కడి టంకశాల మీద పట్టు సాధించారు. ఏడాది తిరగ్గానే పాత సిక్కా విలువ తగ్గిపోతుంది. దాన్ని మార్చుకోవాలంటే వాళ్ల దగ్గరికే రావాలి. ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండ్ నుంచి వెండి తెచ్చినా వాళ్ల దయ లేకుండా అది రూపాయి అయ్యేది కాదు. టంకశాల హక్కు కోసం కంపెనీ ఏళ్ల తరబడి ప్రయత్నించినా ఫతేచంద్ జగత్ సేఠ్ సాగనివ్వలేదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, శిస్తు. పంట చేతికొచ్చాక గానీ శిస్తు రాదు. సైన్యానికి జీతం మాత్రం నెలనెలా కావాలి. ఈ మధ్య కాలాన్ని సాహుకారు పూరించేవాడు. బదులుగా ఫలానా తాలూకా శిస్తు ఆయన చేతిలో పెట్టేవాళ్లు. అంటే అతని తనఖా నేల కాదు, బంగారం కాదు. పంట పండాక ప్రభుత్వం మాట మీద నిలబడుతుందన్న నమ్మకం, అంతే. ఈ ఏర్పాటుకు బలమూ బలహీనతా ఆ నమ్మకమే.

సిరాజుద్దౌలాను దించే కుట్రలో జగత్ సేఠ్‌లు చేతులు కలపడం, 1757లో ప్లాసీ, ఆ తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. అంతగా చెప్పుకోనిది దాని పర్యవసానం. అదే ఏడాది కలకత్తాలో సొంత టంకశాల హక్కు కంపెనీకి దక్కింది. 1763లో ఆ ఇంటి పెద్దలిద్దరినీ మీర్ ఖాసిం చంపించాడు. 1765లో దివానీ హక్కుతో బెంగాల్ శిస్తు నేరుగా కంపెనీకి వచ్చింది. 1772లో వారన్ హేస్టింగ్స్ ఖజానాను ముర్షిదాబాద్ నుంచి కలకత్తాకు మార్చాడు. పదిహేనేళ్లలో టంకశాల, శిస్తు, ఖజానా మూడూ చేయిజారాయి. ఆ ఇంటిని ఎవరూ ప్రత్యేకంగా దోచుకోనక్కర్లేదు. అది చేసే పని ఏదీ మిగల్లేదు.

సైన్యం జీతం హైదరాబాద్ మెడకు చుట్టుకుంది

హైదరాబాద్‌లో ఇదే కథ నెమ్మదిగా, ఎక్కువ కాగితాలతో నడిచింది. 1798, 1800 ఒప్పందాలతో నిజాం కంపెనీ సైన్య సహకార పద్ధతిలోకి వచ్చాడు. ఆ సైన్యం ఖర్చు కిందే 1800లో బళ్లారి, కడప ప్రాంతాలు కంపెనీకి పోయాయి. దత్తమండలాలు అన్న పేరు అలా పుట్టిందే.

అక్కడితో ఆగలేదు. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో నిజాం సొంత ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద ఇంకో సైన్యం తయారైంది. తర్వాత హైదరాబాద్ కంటింజెంటు అనే పేరు స్థిరపడింది. దాని ఖర్చు ఏడాదికి దాదాపు 40 లక్షల రూపాయలకు చేరింది. జీతాలు ఒక్క నెల ఆలస్యమైనా రెసిడెంటు దర్బారులో నిలదీసేవాడు. 1806లో పేష్కారుగా (దివాన్ కింది మంత్రిగా) వచ్చి దాదాపు 37 ఏళ్లు పాలన నడిపిన చందూలాల్‌కు ఉన్న దారి ఒక్కటే: సాహుకార్లను పిలవడం.

సాహుకార్లకు ఇది మంచి కాలం. నూటికి రెండు రూపాయల నెలవడ్డీ అసాధారణమేమీ కాదు. గుజరాతీలు, మార్వాడీలు, గోసాయి మఠాలవాళ్లు, అరబ్ జమేదార్లు (కిరాయి సైనిక దళాల నాయకులు) కూడా ఈ వ్యాపారంలో ఉన్నారు. బాకీ వసూలుకు సాహుకారు అరబ్ జమేదారును పెట్టుకోవడం, కొన్నాళ్లకు ఆ జమేదారే అప్పులివ్వడం మామూలే. కోర్టు సరిగ్గా పనిచేయని చోట బాకీ రాబట్టేది బలగమే కదా. మల్లేపల్లి దగ్గరి సీతారాంబాగ్ ఆలయాన్ని 1832లో కట్టించిన సేఠ్ పూరన్‌మల్ గనేరీవాలా ఈ కాలపు పెద్ద సాహుకార్లలో ఒకరు.

ఈ ఎదుగుదలను ‘దేశీ వ్యాపారం స్వర్ణయుగం’ అనడం సరికాదు. ఉత్పత్తి పెరిగి వచ్చిన లాభం కాదిది. సంస్థానం బాకీపడిన కొద్దీ పెరిగిన లాభం. శిస్తు హక్కు రెండు మూడేళ్లకే చేతిలో ఉండే మనిషికి చెరువు పూడిక తీయించాలన్న ఆలోచన రాదు. గడువులోగా ఎంత రాబట్టాలన్నదే లెక్క. ఆ భారం చివరికి తెలంగాణ, మరాఠ్వాడా, బేరార్ (ఇప్పటి విదర్భలో భాగం) రైతుల మీద పడింది.

పామర్ కోఠీ

అసలు మలుపు పామర్ అండ్ కంపెనీతో వచ్చింది. విలియం పామర్ ఇంగ్లీషు జనరల్‌కు, ముస్లిం బేగంకు పుట్టిన కొడుకు. బంకటీ దాసు అనే గుజరాతీ సాహుకారు ఆయన భాగస్వామి. సంస్థ పేరు ఇంగ్లీషుది, పద్ధతి పూర్తిగా దేశీ కోఠీది. డిపాజిట్లు పెట్టినవాళ్లలో ఇంగ్లీషు అధికారులూ ఉన్నారు. సంస్థానాధీశులకు యూరోపియన్లు అప్పులివ్వకూడదని 1797 నాటి పార్లమెంటు చట్టం ఉంది. పామర్ కోఠీకి మాత్రం గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు (పైన చెప్పిన వారన్ హేస్టింగ్స్ కాదు) 1816లో ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. ఆయన పెంచిన అమ్మాయిని పెళ్లాడిన విలియం రంబోల్డ్ ఈ కోఠీలో భాగస్వామి కావడం అప్పట్లోనే పెద్ద రచ్చ అయింది.

1820లో 60 లక్షల అప్పు మంజూరైంది. అదే ఏడాది రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ లెక్కలు తీయించేసరికి, అందులో కొత్తగా ఖజానాకు చేరిన సొమ్ము తక్కువ, పాత బాకీలూ భాగస్వాముల వాటాలూ ఎక్కువ అని తేలింది. కంపెనీ జోక్యం చేసుకుంది. ఎలా అన్నది చూడదగ్గ విషయం. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారులకు గాను కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ (కప్పం) కట్టేది. 1823లో దాన్ని శాశ్వతంగా రద్దుచేసి ఒకేసారి 1,16,66,666 రూపాయలు ఇచ్చింది. ఏటా 7 లక్షల రాబడిని నూటికి ఆరు వడ్డీ లెక్కన అసలుగా మారిస్తే వచ్చే అంకె అది. ఆ సొమ్ముతో పామర్ బాకీ తీర్చారు.

వడ్డీ లెక్కలో ఇది నిజాంకు నష్టం కాదు. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి తక్కువ వడ్డీ రాబడిని అమ్మడం ఏ గుమాస్తా చూసినా తప్పనడు. కానీ కోస్తా జిల్లాల మీద నిజాంకు మిగిలిన చివరి ఆదాయం అలా పోయింది. మరుసటి ఏడాది, 1824లో, పామర్ కోఠీ కూడా మూతపడింది. కొత్త అప్పుల దారి మూసుకుపోయిన కోఠీకి పాత బాకీ చేతికి వచ్చినా లాభం లేకపోయింది.

పెస్తన్‌జీ, బేరార్ పత్తి

పామర్ పోయాక ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లలో పెస్తన్‌జీ మెహర్‌జీ ముఖ్యుడు. వీకాజీ అనే పార్సీ కుటుంబం. వీళ్లను వట్టి అప్పులవాళ్లనడానికి లేదు. బేరార్ పత్తిని బొంబాయికి మొదట పంపింది వీళ్లే. 1825-26లో వెళ్లింది 500 ఎద్దుల మోత. ఆ తర్వాత పత్తి మరలు, గోదాములు, దారులు వచ్చాయి. అలా పెట్టుబడిని పంట వైపు తిప్పిన అరుదైన కుటుంబం ఇది.

ఇంత చేసీ పాత వలలోనే చిక్కుకున్నారు. చందూలాల్‌కు పెద్ద మొత్తాలు అప్పిచ్చి, బదులుగా బేరార్‌లో జిల్లాల శిస్తు తీసుకున్నారు. ఔరంగాబాద్ టంకశాల కూడా వీళ్ల చేతికి వచ్చింది. అక్కడ ముద్రించిన పెస్తన్‌షాహీ రూపాయిలు నాణేలు సేకరించేవాళ్ల దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. 1843లో ఇక అప్పు పుట్టక చందూలాల్ రాజీనామా చేశాడు. కొత్త దర్బారు పెస్తన్‌జీకి ఇచ్చిన జిల్లాలను బలవంతంగా వెనక్కి తీసుకుంది. బాకీ తీరలేదు. బ్రిటిష్ రెసిడెంటు తమ తరఫున మాట్లాడతాడని కుటుంబం ఆశపడింది. అదీ జరగలేదు. లండన్ దాకా అర్జీలు వెళ్లాయి, 1848 నాటికి సంస్థ దివాలా తీసింది.

పామర్ విషయంలో జోక్యం చేసుకున్న కంపెనీ పెస్తన్‌జీ విషయంలో ఎందుకు చేసుకోలేదు? జాతి భేదం ఒక కారణం కావచ్చు గానీ అదొక్కటే సరిపోదు. ఈలోగా కంపెనీ తానే నిజాంకు అప్పిచ్చే స్థానంలోకి వచ్చింది. కంటింజెంటు జీతాలు ఆలస్యమైనప్పుడల్లా రెసిడెన్సీ ఖజానా నుంచి చెల్లించి, ఆ మొత్తం నిజాం ఖాతాలో రాస్తూ పోయింది. ఒకే ఆస్తి మీద ఇద్దరి బాకీ ఉంటే ఒకరు ఇంకొకరి తరఫున వాదించరు.

చివరి సాహుకారు

1853 మే నెలలో ఆ ఖాతా తేలింది. బాకీ కింద, ఇక ముందు కంటింజెంటు ఖర్చు కింద, బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ కంపెనీ పాలనలోకి వెళ్లాయి. 1860లో రాయచూర్, ధారాశివ్ తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది. బేరార్ మాత్రం రాలేదు.

సాహుకార్లు యాభై ఏళ్లుగా చేసిన పనినే కంపెనీ చేసింది: జీతాలకు అప్పివ్వడం, బదులుగా జిల్లా శిస్తు తీసుకోవడం. తేడా ఒక్కటే. సాహుకారు జిల్లాను దర్బారు ఎప్పుడైనా లాక్కోవచ్చు. కంపెనీ జిల్లాను లాక్కోలేదు. బాకీ చేసింది ఏ సైన్యం జీతాల కోసమో ఆ సైన్యమే దానికి కాపలా.

అదే ఏడాది 24 ఏళ్ల వయసులో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ మిగిలిన పని పూర్తిచేశాడు. తనఖాలో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటే విడిపించాడు. శిస్తు గుత్తలు తీసేసి జీతం మీద తాలూక్దార్లను పెట్టాడు. 1865లో జిల్లాబందీతో జిల్లాలు ఏర్పడ్డాయి. టంకశాలలను కేంద్రం కిందకు తెచ్చి హాలీ సిక్కా అనే సంస్థానపు రూపాయిని నడిపాడు. బ్రిటిష్ ఇండియాలో ఈ పని 1835లో ఒకే రూపాయి చట్టంతో ముందే జరిగింది. రైతుకూ ఖజానాకూ మేలుచేసిన ఈ సంస్కరణలే కోఠీ మూడు ఆదాయాల్లో రెంటిని తుడిచేశాయి. హుండీ మిగిలింది. 1881 నాటి చెల్లుబాటు పత్రాల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) కూడా దేశభాషల్లోని హుండీలను వాడుక ఆచారానికే వదిలేసింది. కాబట్టి బజారు హుండీ ఇంకో వందేళ్లు నడిచింది, రాజుల హుండీ కాదు.

ఇంకో చిన్న మార్పు పెద్ద ప్రభావం చూపింది. రెసిడెన్సీ బజార్లు నిజాం కోర్టుల కింద కాక రెసిడెంటు అధికారం కింద ఉండేవి. దర్బారు జప్తులకు భయపడే సాహుకార్లకు అక్కడ అంగడి పెట్టడం క్షేమం అనిపించింది. ఆ బజార్లు 1933లో నిజాంకు తిరిగి వచ్చాక సుల్తాన్‌బజారు అయ్యాయి. ఇంగ్లీషు అధికారం కోఠీల పనిని తీసేస్తూనే కోఠీవాళ్ల ఆస్తికి ఆశ్రయం కూడా ఇచ్చింది. దోపిడీ, ద్రోహం అన్న రెండు కథల్లోనూ ఈ చిక్కుముడికి చోటుండదు.

ఎవరు నిలబడ్డారు

కుటుంబం అన్న రూపమే బలహీనతా అన్న ప్రశ్న ఒకటుంది. ఉమ్మడి కుటుంబ సంస్థలో ఇంటి ఆస్తికీ వ్యాపార ఆస్తికీ గోడ లేదు. ఒక్క పెద్ద బాకీదారు ఎగవేస్తే ఇల్లూ నగలూ పోతాయి. ఇంటిపెద్ద పోతే డిపాజిట్లు తీసేసుకునే తొందర మొదలవుతుంది. కలకత్తాలో ద్వారకానాథ్ ఠాగూర్ 1834లో పెట్టిన కార్ ఠాగూర్ కంపెనీ బొగ్గు, నీలిమందు, ఓడల దాకా పాకింది. ఆయన 1846లో లండన్‌లో చనిపోయాడు. కలకత్తా యూనియన్ బ్యాంకు కుప్పకూలిన 1848లోనే ఆ కంపెనీ కూడా మూతపడింది.

కానీ కుటుంబ సంస్థలన్నీ పోలేదు. పరిమిత బాధ్యత చట్టం 1857లో వచ్చాక, మిల్లును కంపెనీగా పెట్టి దాని మేనేజింగ్ ఏజెన్సీని, అంటే నడిపే హక్కును, ఇంట్లోనే ఉంచుకోవచ్చు. మిల్లు మునిగినా ఇల్లు మునగదు. 1867లో బొంబాయి రైలు బేరార్ మీదుగా నాగపూర్ చేరింది. పెస్తన్‌జీ ఎద్దుల మీద పంపిన పత్తి ఇప్పుడు రైలెక్కింది. పదేళ్ల తర్వాత, 1877 జనవరి 1న, జమ్‌షెడ్‌జీ టాటా అదే నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచాడు. టాటాల తొలి పెద్ద లాభం కూడా సైన్యం నుంచే వచ్చింది. 1868 అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) దండయాత్రకు సరుకుల సరఫరా గుత్త అది. అయితే వాళ్లు సైన్యానికి సరుకు అమ్మి సొమ్ము తీసుకున్నారు. సైన్యం జీతానికి అప్పివ్వలేదు. పెస్తన్‌జీకీ జమ్‌షెడ్‌జీకీ మధ్య తెలివిలో తేడా వెతకడం కన్నా ఈ తేడాను చూడటం మేలు.

బర్మాలో నేల దక్కినవాళ్లు

రాజు మాట మీద కాక నేల తనఖా మీద అప్పిస్తే కోఠీ క్షేమంగా ఉండేదా? దీనికి జవాబు తమిళనాడులోని చెట్టినాడుకు చెందిన వడ్డీవ్యాపారులు, నాట్టుకోట్టై చెట్టియార్ల అనుభవంలో ఉంది. 1852లో కంపెనీ దిగువ బర్మాను కలుపుకుంది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బియ్యం ఎగుమతి ఊపందుకుంది. అడవి కొట్టి వరి వేసే బర్మా రైతుకు యూరోపియన్ బ్యాంకులు అప్పివ్వలేదు. చెట్టియార్లు ఇచ్చారు. కారైక్కుడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏజెంట్లు మూడేళ్ల గడువు మీద వెళ్లేవాళ్లు. 1930 నాటికి అక్కడ సుమారు 1,650 చెట్టియార్ సంస్థలు, 75 కోట్ల రూపాయల పెట్టుబడి ఉన్నట్టు బర్మా బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా.

ఆ ఏడాదే ప్రపంచ మాంద్యం వల్ల బియ్యం ధర పడిపోయింది. రైతు కట్టలేకపోయాడు. ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 6 శాతం. 1938 నాటికి అది 25 శాతం. వాళ్లకు కావాల్సింది నగదు, చేతికొచ్చింది పొలం. చట్టం ప్రకారం తనఖా పక్కాగా ఉంది, కోర్టు డిక్రీ కూడా ఉంది. కానీ ఊళ్లో ప్రతి నాలుగో ఎకరం పరాయి వడ్డీవ్యాపారిది అన్న కోపం రాజకీయంగా మారింది. పరాయివాళ్ల మీద కోపం అంతకు ముందే వడ్డీవ్యాపారిని దాటి వెళ్లింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో మొదలైన అల్లర్లలో దెబ్బతిన్నది ఎక్కువగా కాకినాడ, విశాఖ తీరాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలు. వాళ్లకు అప్పుల వ్యాపారంతో సంబంధమే లేదు.

1942లో జపాన్ సైన్యం రావడంతో ఏజెంట్లు ఖాతా పుస్తకాలు పట్టుకుని వెనక్కి వచ్చారు. 1948లో స్వతంత్ర బర్మా భూమి జాతీయీకరణ చట్టం చేసింది. డిక్రీలు, తనఖా పత్రాలు చెట్టినాడు ఇళ్లలోని పెట్టెల్లో మిగిలాయి. అప్పు కింద బేరార్ తీసుకున్నవాళ్లకు మాత్రం అలాంటి పత్రాలు దాచుకునే అవసరం 1947 దాకా రాలేదు.